మెంగ్ గారి కీళ్లపొడి

నా పేరు మెంగ్ రుయ్‌చిన్. మెంగ్ జిహెంగ్ గారి కూతుర్ని. వయసు నలభై ఏడు. షుయ్‌కౌ పట్టణంలో ఉత్తర రేవు వీధిలో నాన్నతో కలిసి ఉంటాను. కౌంటీ ఆసుపత్రి మూడో అంతస్తులో సంప్రదాయ వైద్య విభాగం ఉంది. అక్కడ ఆక్యుపంక్చర్ సూదుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ రోజు, అక్టోబరు ఇరవై ఆరు శనివారం, నా అంతట నేనే పోలీసు కార్యాలయానికి వచ్చి, ఇన్‌స్పెక్టర్ కాంగ్ గారు అడుగుతుండగా చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

ముద్దాయి ఫాన్ దెషువన్ నాకు పరాయివాడు కాడు. మా నాన్న దగ్గర నాడి చూడడం, సూది పెట్టడం, మందు నూరడం నేర్చుకున్న శిష్యుల్లో పెద్దవాడు. నాకు పదేళ్ల వయసు నుంచి మా ఇంట్లోనే తిన్నాడు, మా ఇంట్లోనే పడుకున్నాడు. నేను అతన్ని అన్నయ్య అంటాను. మీరు కాగితం మీద ముద్దాయి అని రాసుకోండి. నా నోటికి మాత్రం అన్నయ్య అనే వస్తుంది. అలా వచ్చిందని అతన్ని కాపాడుతున్నానని అనుకోవద్దు.

మా నాన్నకు డెబ్బై తొమ్మిదేళ్లు. కీళ్లనొప్పులకు ఆయన సొంతంగా కూర్చిన పొడి ఒకటి ఉంది. దాల్చిన కొమ్మలు, శొంఠి, అతిమధురం, ఇంకా కొన్ని వేర్లు. మెల్లగా పనిచేస్తుంది. కొందరికి పనిచేయదు. ఆ మాట నాన్న ముందే చెప్పి ఇచ్చేవాడు. మూడేళ్ల క్రితం ఆయన వేళ్లే వంకరపోయి, సూది పట్టుకోలేక వైద్యం మానేశాడు. అప్పుడు పొడి చేసే పని అన్నయ్య తీసుకున్నాడు. పశ్చిమ వీధిలో అతనికి దుకాణం ఉంది. పొట్లాల మీద వేసుకోవడానికి నాన్న తన పేరు చెక్కిన ముద్ర తన చేత్తో అతనికి ఇచ్చాడు. జేడు రాతి ముద్ర. ఇచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

అక్టోబరు పద్నాలుగు సోమవారం ఉదయం తావ్ షియూలియన్ అనే ఆవిడను ఆమె భర్త తియాన్ మా విభాగానికి తీసుకొచ్చాడు. వాళ్లిద్దరూ రేవు దగ్గర సోయా పాలు, వేయించిన పిండి కాడలు అమ్ముతారు. ఊళ్లో సగం మందికి పొద్దుటి తిండి అక్కడే. షియూలియన్ అక్క అంతకు ముందు ఏడాది మోకాళ్ల నొప్పికి నా దగ్గర సూదులు పెట్టించుకుంది. తర్వాత రావడం మానేసింది. ఇప్పుడు రెండు రోజులుగా వాంతులు. మంచినీళ్లు కూడా నిలవడం లేదు.

తియాన్ నన్ను చూడగానే, "డాక్టరమ్మా, ముంజేతి లోపల ఏదో చోట సూది పెడితే వాంతులు కట్టేస్తాయటగా. ఒక్కటి పెట్టండి, పోతాం. పిండి పులిసిపోతోంది," అన్నాడు.

ఆ చోటు ఉన్న మాట నిజమే. నేను చెయ్యి పట్టుకున్నాను. నాడి దారప్పోగులా ఉంది. చర్మం చల్లగా ఉంది. ముఖం చూశాను. నాకు తెలిసిన షియూలియన్ అక్కది కోల ముఖం. ఇప్పుడు గుండ్రంగా, నున్నగా, బుగ్గలు కళ్ల మీదికి వచ్చి ఉన్నాయి. చేతులు మాత్రం సన్నబడ్డాయి. ముంజేతుల మీద ఎక్కడ పట్టుకున్నా కమిలిన మచ్చలు. బీపీ చూస్తే చాలా తక్కువ వచ్చింది. నేను సూదుల డబ్బా మూసేశాను.

"అక్కా, కిందికి వెళ్దాం. అత్యవసర విభాగానికి," అన్నాను.

"కిందికా? వాళ్లు సెలైను ఎక్కించి, పది పరీక్షలు రాసి కూర్చోబెడతారు! మీరు మనవాళ్లని మీ దగ్గరికి తెచ్చాను. సూది పెట్టడానికి చేతకాకపోతే చెప్పండి, ఫాన్ గారి దగ్గరికి తీసుకెళ్తా," అన్నాడు తియాన్.

"ఇప్పుడు సూది పెడితే నా చేతుల్లో పోతుంది. చక్రాల కుర్చీ అటువైపు పట్టుకో."

అతను పట్టుకోలేదు. నేనే తోసుకుపోయాను. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి వెనకే తిట్టుకుంటూ వచ్చాడు.

కింద డాక్టర్ ష్యే తింగ్‌యాన్ డ్యూటీలో ఉన్నాడు. అతనికీ నాకూ పనిలో మంచి పొత్తు ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రాణగండం గడిచాక, చెయ్యీ కాలూ కదిలించే పనికి వ్యాయామంతో పాటు సూదుల కోసం నా దగ్గరికి పంపుతాడు. నా దగ్గరికి నడుంనొప్పి అని వచ్చి, ఛాతీ పట్టేసినవాళ్లను నేను అతని దగ్గరికి పంపుతాను. ఎవరి పని ఎక్కడ ఆగుతుందో మా ఇద్దరికీ తెలుసు. రక్తపరీక్ష ఫలితాలు చూసి అతను తియాన్‌ను అడిగాడు.

"రక్తంలో ఉప్పు పడిపోయింది. బీపీ లేవడం లేదు. ఏం మందులు వాడుతోంది?"

"ఏమీ లేవు సార్. తలనొప్పి మాత్ర కూడా వేసుకోదు. ఒట్టి మూలికలే."

"ఏ మూలికలు?"

"మెంగ్ గారి కీళ్లపొడి. వాంతులు పట్టుకున్నాక అది కూడా లోపల నిలవడం లేదు."

డాక్టర్ ష్యే నా వైపు తిరిగాడు. నా కోటు మీద నా పేరు కుట్టి ఉంది. మెంగ్ అని.

"అది మా నాన్న పొడి. అందులో ఇలా చేసేది ఏదీ లేదు," అన్నాను.

"మేడం, ఈ ముఖం నేను పుస్తకంలోనే కాదు, వార్డులోనూ చాలాసార్లు చూశాను. నెలల తరబడి స్టెరాయిడ్ మింగి, ఒక్కసారిగా ఆపేస్తే మనిషి ఇలాగే పడిపోతుంది. పొడి మీరనుకున్న పొడి కాదేమో. లేదా నేను పొరబడ్డానేమో. ఏది నిజమో తేలేదాకా ఆగే టైం లేదు," అన్నాడు.

రక్తనాళంలోకి సెలైనూ, దానితో పాటు స్టెరాయిడూ ఇచ్చాడు. సాయంత్రానికల్లా షియూలియన్ అక్క లేచి కూర్చుని, గంజి కావాలంది. గంజిలో ఉప్పు సరిపోలేదని నర్సును కసిరింది. అప్పుడు నాకు అనుమానం లేకుండా పోయింది. ఆమె ఒంటికి కరువైంది స్టెరాయిడేనని ఆ సెలైను సీసాయే చెప్పింది.

తియాన్ జేబులో పొట్లం ఉంటే అడిగి తీసుకున్నాను. ఎర్రగా నాన్న ముద్ర ఉంది. వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకున్నాను. అతిమధురం తీపి, శొంఠి కారం, దాల్చిన వాసన. ఆ తర్వాత నాలుక మొదట్లో ఒక చేదు. నేను ఆ పొడి వాసనలో పెరిగాను. ఆ చేదు మా ఇంటిది కాదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను. నాన్న వరండాలో పిట్ట పంజరం కడుగుతున్నాడు. పంజరం తలుపుకు వెదురు పుల్లతో చేసిన చిన్న గొళ్లెం ఉంటుంది. దాన్ని వేళ్లతో చటుక్కున తీసి, "చూశావా! ఈ ఏడాది మొత్తం నిన్ను ఒక్కసారి కూడా పిలవలేదు, గొళ్లెం తియ్యమని," అన్నాడు. నేను గొళ్లెం చూడలేదు. ఆయన ముఖం చూశాను. గుండ్రంగా, ఎర్రగా ఉంది. ఒళ్లు చేశాడని, ముసలితనంలో నిమ్మళంగా ఉన్నాడని ఊరంతా అనేవారు. నేనూ అనేదాన్ని.

"నాన్నా, ఫాన్ అన్నయ్య ఇచ్చే పొడి తింటున్నావా?"

"ఫాన్ పొడి ఏంటి? నా పొడి. వాడు నాకంటే బాగా నూరుతున్నాడు, అంతే."

జరిగింది చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

"నలభై ఏళ్లుగా ఈ ఊరు నా పొడి తింది. ఆ కింద అంతస్తు కుర్రాడెవడో వచ్చి అది మందు కాదంటే నువ్వు తలూపి వచ్చావా? నీకు సూది పట్టుకోవడం నేర్పింది ఆ కుర్రాడా, నేనా?"

"నువ్వే నేర్పావు. అందుకే నీకు చెబుతున్నా. ఒక పొట్లం ఇవ్వు, పరీక్షకు పంపుతా."

"ఇవ్వను."

ఆయన పడుకున్నాక సొరుగులోంచి ఒకటి తీసుకున్నాను. దొంగతనమే అది. రాసుకోండి. మర్నాడు మంగళవారం, తియాన్ ఇచ్చిన పొట్లమూ నాన్న సొరుగులోదీ విడివిడిగా మూసి, ఆసుపత్రి తరఫున నగరంలోని మందుల పరీక్షా కేంద్రానికి పంపించాం. పంపినవారిగా డాక్టర్ ష్యేతో పాటు నా సంతకం కూడా ఉంది.

పదహారో తేదీ బుధవారం సాయంత్రం అన్నయ్య మా ఇంటికి వచ్చాడు. పొట్లం పోయిన సంగతి నాన్నే అతనికి ఫోన్ చేసి చెప్పాడు. చేతిలో బేరిపండ్ల బుట్ట ఉంది. నాన్నకు వంగి నమస్కారం చేసి, కుర్చీ లాక్కుని, నాతో అన్నాడు.

"చెల్లెమ్మా, పొట్లం కావాలంటే నన్నడిగితే బుట్టెడు ఇచ్చేవాణ్ణి కదా. సొరుగులు వెతకడం దేనికి?"

"అన్నయ్యా, అందులో స్టెరాయిడ్ మాత్ర కలుపుతున్నావా?"

అతను నవ్వాడు. "మీ ఆసుపత్రిలో దోసిళ్లకొద్దీ మింగిస్తారు. మీరిస్తే మందు, నేనిస్తే విషమా?"

"అక్కడ ఏం మింగిస్తున్నారో చెప్పి మింగిస్తారు. షుగరు చూస్తారు, బీపీ చూస్తారు. ఆపాలంటే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. షియూలియన్ అక్క తినేది ఒట్టి మూలికలేనని వాళ్లాయన గట్టిగా చెప్పాడు. ఆవిడకు తెలియకుండా ఆవిడ ఒంట్లో ఏం పోశావు?"

"నడక పోశాను! నీ సూదులతో ఏడాది కుంటింది. నా దగ్గరికి వచ్చిన వారానికే మెట్లెక్కింది. మూడు నెలలు కషాయం కాచుకుని తాగే ఓపిక ఇప్పుడెవరికుంది? అందరికీ రేపే నడవాలి. నువ్వు ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ ధర్మపన్నాలు చెబుతావు. నేను వీధిలో కూర్చున్నవాణ్ణి."

అప్పుడు నేను చెప్పిన మాట ఇది. ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ మాట తప్పు పోకుండా రాయండి. "అన్నయ్యా, నీ మీద తర్వాత ఏం జరుగుతుందో జరగనీ. ముందు ఒకటి విను. ఈ పొడి తిన్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చచ్చిపోతారు. షియూలియన్ అక్క చావు దాకా వెళ్లి వచ్చింది. ఎవరెవరు తింటున్నారో నాకు చెప్పు. వాళ్లను ఆసుపత్రికి తెచ్చి, మెల్లగా మాన్పిద్దాం. అప్పటిదాకా ఎవరినీ ఆపనివ్వొద్దు."

ఈ మాట నేను అతని ముఖం మీద చెప్పాను. నాన్న ముందు చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పాను. అతను విన్నాడు. "చచ్చిపోతారా, అంత లేదులే," అని కూడా అన్నాడు. కాబట్టి విన్నాడు.

తర్వాత అతను గొంతు తగ్గించాడు. "పొట్లం మీద ముద్ర ఎవరిదో చూసుకున్నావా? నువ్వు ఫిర్యాదు ఇస్తే పోలీసులు ముందు వచ్చేది ఈ గుమ్మానికి. ఎనభై ఏళ్ల మనిషిని స్టేషన్లో కూర్చోబెడతావా? అదేనా కూతురి ప్రేమ?"

అప్పుడు నాన్న అడిగాడు. "దెషువన్, అమ్మాయి అడిగినదానికి చెప్పు. కలిపావా, లేదా?"

"గురువుగారూ, మీ చేతులు ఎలా ఉన్నాయి? బాగున్నాయా, లేదా?"

అన్నయ్య వెళ్లిపోయాడు. బేరిపండ్ల బుట్ట బల్ల మీదే ఉంది. నాన్న దాన్ని తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టి, తలుపు వేశాడు.

మర్నాడు పొద్దున నేను కింద అంతస్తుకు వెళ్లేసరికి, డాక్టర్ ష్యే గది ముందు వరుసలో నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో టోకెను. మా ఆసుపత్రిలో ఆయన టోకెను తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన శిష్యులు ఉన్న అంతస్తుకు తప్ప ఎక్కడికీ వచ్చేవాడు కాదు. లోపలికి వెళ్లి, డాక్టరు ముందు రెండు చేతులూ బల్ల మీద పెట్టి చెప్పాడు. "బాబూ, నా పొడి ఇంత తొందరగా పనిచేయదు. కూర్చినవాణ్ణి, నాకు తెలుసు. వేళ్లు తెరుచుకుంటుంటే అడగబుద్ధి కాలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు."

డాక్టర్ ష్యే పరీక్షలు చేయించి, మాత్రలు రాశాడు. అదే స్టెరాయిడ్, డబ్బా మీద పేరుతో. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. నాన్న డబ్బా మీది అక్షరాలు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదో తేదీ శుక్రవారం సాయంత్రం పరీక్షా కేంద్రం నుంచి కబురు వచ్చింది. రెండు పొట్లాల్లోనూ స్టెరాయిడ్ ఉంది, నొప్పిమాత్ర కూడా ఉంది. ఆ కాగితం మీ దగ్గర ఉంది. శనివారం పొద్దున నేను ఇక్కడికే వచ్చి ఫిర్యాదు ఇచ్చాను. బయలుదేరేటప్పుడు నాన్న గుమ్మం దాకా వచ్చి, "ముద్ర సంగతి కూడా చెప్పు. దాచకు," అన్నాడు. ఆ రోజు ఫిర్యాదులో రాయించాను. ఇప్పుడూ చెబుతున్నాను.

ఫిర్యాదు ఇచ్చి వెళ్తూ రేవు దగ్గర ఆగాను. భార్య ఇంకా వార్డులోనే ఉంది కాబట్టి తియాన్ ఒక్కడే దుకాణం నడుపుతున్నాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. సోమవారం తాను తిట్టిన మనిషికి ఉచితంగా సోయా పాలు పోసి ఇచ్చాడు. ఆ మాటా ఈ మాటా చెబుతూ, "డాక్టరమ్మా, ఫాన్ గారు గురువారం వచ్చి మిగిలిన పొట్లాలు తీసుకుపోయాడు. సరుకు పాతబడిందట, కొత్తది తెచ్చిస్తాడట. అందరి దగ్గరా అలాగే తీసుకుంటున్నాడు," అన్నాడు.

నా చేతిలో గిన్నె అక్కడే పెట్టేశాను. గురువారం. అంటే నేను చెప్పిన మర్నాడే. ఆపితే చచ్చిపోతారని నేను చెప్పిన మర్నాడే అతను ఇంటింటికీ తిరిగి ఆపించాడు. సాక్ష్యం లేకుండా చేసుకోవడానికి మందు తీసుకుపోయాడు. బుధవారం అతను ఏం విన్నాడో అంత గట్టిగా ఎందుకు రాయమన్నానో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మీకు ఫోన్ చేశాను. మీ మనుషులు అతన్ని ఆదివారం పట్టుకున్నారు. కానీ పొడి ఎవరెవరు తిన్నారో అతను మీకూ చెప్పలేదని నాకు తెలుసు. ఆ శనివారం సాయంత్రమే నేను డాక్టర్ ష్యేతో మాట్లాడాను. ఎలా వెతకాలి? మైకు పెట్టి పొడి విషమని చాటిస్తే, మిగిలినవాళ్లు కూడా భయపడి పారేస్తారు. అది ఇంకా ప్రమాదం. అప్పుడు నాన్న, "పొద్దున్నే అందరూ తియాన్ దగ్గరికి వస్తారు. నన్ను అక్కడ కూర్చోబెట్టండి. నా పేరు చూసి తిన్నారు, నా మాట విని రావాలి," అన్నాడు.

ఆదివారం తెల్లవారుతుండగానే దుకాణం ముందు పొట్టి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల మీద నేను బీపీ మిషను పెట్టుకున్నాను. ఆసుపత్రి బండి రోడ్డు మీద ఆగి ఉంది. నాన్న సోయా పాలు తాగడానికి వచ్చిన ప్రతి ముఖాన్నీ చూశాడు.

"ఒరేయ్ నాయనా, నువ్వే. ఇలా రా. ఆ బుగ్గలేంటి?"

"కోడలు బాగా పెడుతోంది పెద్దాయనా!"

"కోడలు పెడితే కాళ్లకు కూడా పెట్టాలిగా. కాళ్లు చూడు, కొంగ కాళ్లలా ఉన్నాయి. నా పొడి తిన్నావా?"

"తిన్నాను. మొన్న ఫాన్ గారు తీసుకుపోయాడు. అప్పటి నుంచి లేవబుద్ధి కావడం లేదు."

"బండెక్కు."

"పాలు తాగి వస్తా."

"గిన్నెతో సహా ఎక్కు!"

జనం మూగారు. ఎవరో వెనక నుంచి, "మెంగ్ గారు సూదులు మానేసి జాతకాలు మొదలెట్టారు," అన్నారు. నవ్వులు. చేపలమ్మే ఆవిడ ఒకతె మాత్రం నవ్వలేదు. నాన్నకు ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పోయిన కొత్త సంవత్సరానికి నువ్వేగా మా అందరి ముందూ వేళ్లు ఆడించి, చూడండి నా పొడి మహిమ అన్నావు? ఇవాళ ఆసుపత్రికి పదమంటావా? ఏ మాట నమ్మాలి?"

"అప్పుడు అన్నదీ నేనే, ఇప్పుడు అంటున్నదీ నేనే," అన్నాడు నాన్న. "అప్పుడు తెలియక అన్నాను. తెలుసుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. నేనూ అదే తిన్నానమ్మా. ఇదిగో, ఇప్పుడు ఈ డబ్బాలోది వేసుకుంటున్నాను." జేబులోంచి మాత్రల డబ్బా తీసి చూపించాడు. "నన్ను తిట్టాలంటే బండిలో కూర్చుని తిట్టు. నేనూ వస్తాను."

ఆమె బండెక్కింది. దారంతా తిట్టింది. నాన్న దారంతా విన్నాడు.

ఆ పొద్దున దొరికినవాళ్లెవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఇద్దరిని వార్డులో చేర్చుకున్నారు. మిగిలినవాళ్లకు మాత్రలు రాసి పంపారు.

దుకాణం కట్టేసే వేళకు తియాన్ అన్నాడు. "లూ చంగ్‌ఫా రావడం లేదు రెండు రోజులుగా. ఆయన కూడా మీ పొడే. రోజూ మొదటి గిన్నె ఆయనదే."

లూ చంగ్‌ఫా గారు మాధ్యమిక పాఠశాలలో వంట చేసి రిటైరయ్యాడు. పాత వడ్లమిల్లు వెనక ఒంటరిగా ఉండేవాడు. నేను, ఆసుపత్రి డ్రైవరు వెళ్లాం. తలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. డ్రైవరు భుజంతో తలుపు విరగ్గొట్టాడు. వంటింట్లో నేల మీద పడి ఉన్నాడు. ఊపిరి ఉంది. పీట మీద ముల్లంగి సగం తరిగి ఉంది. ముక్కలన్నీ ఒకే మందంలో, వరసగా. కత్తి మిగిలిన సగం మీద ఆనించి ఉంది. ఎందుకో నాకు ఆ ముల్లంగే కనిపిస్తోంది. ఆయన ముఖం కంటే ఎక్కువగా ఆ ముల్లంగే కనిపిస్తోంది.

ఎదురింటావిడ పేరు మీకు రాసి ఇచ్చాను. గురువారం అన్నయ్య వచ్చి ఆయన దగ్గర పొట్లాలు తీసుకోవడం ఆమె చూసింది. ఆయనకు అప్పటికే జ్వరం. "కొత్తది ఎప్పుడు తెస్తావు, అది లేకపోతే లేవలేను," అని లూ గారు గుమ్మంలోంచి అడగడం, "రేపే తెస్తాను," అని అన్నయ్య అనడం ఆమె విన్నది.

డాక్టర్ ష్యే చేయాల్సిందంతా చేశాడు. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఇరవై నాలుగో తేదీ గురువారం సాయంత్రం లూ చంగ్‌ఫా గారు చనిపోయారు.

నిన్న నాన్న వాళ్లింటికి వెళ్లాడు. వద్దన్నాను. వినలేదు. లూ గారి కొడుకు తెల్లబట్టల్లో గుమ్మం దగ్గరికి వచ్చి, "మా నాన్న పెట్టెలో మీ ముద్ర ఉన్న కాగితాలు దొంతరగా దాచుకున్నాడు, మందు కాగితాలు కదా, పారేయకూడదని. లోపలికి రావద్దు," అన్నాడు. నాన్న లోపలికి వెళ్లలేదు. వీధిలో గోడ పక్కన నిలబడ్డాడు. చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఎవరూ కుర్చీ వేయలేదు, నేను తెచ్చిన కుర్చీలో ఆయన కూర్చోలేదు.

మీరు అడిగిన మిగతా ప్రశ్నలకు జవాబులు చెబుతాను.

సంప్రదాయ వైద్యం మీద నాకు నమ్మకం పోయిందా అని అడిగారు. పోలేదు. సోమవారం మూడో అంతస్తులో నా గది ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది. ఈ కేసు వల్ల మన వైద్యానికి చెడ్డపేరు వస్తుంది, వాంగ్మూలం మెత్తగా ఇవ్వమని మా వృత్తిలో పెద్దలు ఇద్దరు ఫోన్ చేశారు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. అన్నయ్య చేసింది మా వైద్యమూ కాదు, కింద అంతస్తు వైద్యమూ కాదు. మెత్తగా చెప్పను.

అన్నయ్య మీద పగ ఉందా అని అడిగారు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే వీపు మీద మోసుకుని వర్షంలో రేవు దాటించాడు. పగ లేదు. కోర్టులో అతని ఎదుట నిలబడి ఇదే చెప్పమంటే చెబుతాను. మాట మార్చను.

ఎగువ పల్లెల్లో ఇంకా ఈ పొడి తిన్నవాళ్లు ఉన్నారు. సంతలో అమ్మాడని తెలిసింది. మీ శాఖ వేసే ప్రకటనలో పొడి పారేయమని రాయకండి. పొట్లం పట్టుకుని ఆసుపత్రికి రమ్మని, పొట్లం లేకపోయినా రమ్మని రాయండి. డాక్టర్ ష్యే, నేను, నాన్న రేపు ఆదివారం బండి వేసుకుని ఆ పల్లెలకు వెళ్తున్నాం. మీ మనిషిని ఒకరిని తోడు ఇస్తే ఇవ్వండి. ఇవ్వకపోయినా వెళ్తాం.

ముద్ర విషయం చెప్పడం వల్ల మా నాన్న మీద కూడా కేసు రావచ్చని మీరు నన్ను హెచ్చరించారు. అర్థమైంది. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నా తర్వాత తన వాంగ్మూలం తీసుకోవాలని అడుగుతున్నాడు.

ఇది మొత్తం నేనే చదువుకున్నాను. నాలుగో పేజీలో "నా తండ్రి మోసపోయి ముద్ర ఇచ్చాడు" అని టైపు చేశారు. నేను ఆ మాట అనలేదు. ఇచ్చాడు అన్నాను. తన చేత్తో ఇచ్చాడు అన్నాను. "మోసపోయి" కొట్టేయించి, కొట్టేసిన చోట వేలిముద్ర వేశాను. మిగతాదంతా నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. చూసింది, విన్నది తప్ప ఇందులో నేను ఏమీ చేర్చలేదు. అన్ని పేజీల మీదా సంతకం చేసి, ఎర్రసిరాతో కుడి చూపుడు వేలు ముద్ర వేశాను.

మెంగ్ రుయ్‌చిన్